నరం చుట్టూ ఉండే మూడు పొరలు పిండంలో ఎలా ఏర్పడతాయి?

కాకినాడ ఫస్ట్ ఇయర్:
నమస్కారం. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఈ వారం డిసెక్షన్‌లో మోచేతి దగ్గర మీడియన్ నర్వ్ (చేతిలోని పెద్ద నరాల్లో ఒకటి) బయటికి తీశాం. ఫోర్సెప్స్‌తో పట్టుకుంటే పైపొర వదులుగా ఊడి వచ్చేసింది. లోపలి తెల్లటి కట్టలు మాత్రం గట్టిగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. పైది ఎపిన్యూరియం, ఒక్కో కట్ట చుట్టూ ఉన్నది పెరిన్యూరియం, కట్ట లోపల ఆక్సాన్ల (నరకణాల పొడవాటి తంతువుల) మధ్య ఉన్నది ఎండోన్యూరియం. ఇంతవరకు అర్థమైంది. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయన్నదే తేలడం లేదు. పుస్తకంలో మూడూ మీసోడెర్మ్ (పిండం మధ్య పొర) నుంచే అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. సీనియర్ ఇచ్చిన నోట్స్‌లో న్యూరల్ క్రెస్ట్ (వెన్నుపాము ఏర్పడే చోటి అంచుల నుంచి విడిపోయి వలస వెళ్లే కణాలు) అని ఉంది. ఏది రాయాలి? అసలు నరం ముందు తయారై పొరలు తర్వాత వస్తాయా, రెండూ కలిసే పెరుగుతాయా?

హిస్టాలజీ మేడమ్ (రిటైర్డ్):
రెండింటిలోనూ సగం సగం నిజం ఉందమ్మా.

ఐదో వారంలో చేతుల మొగ్గల్లోకి ఆక్సాన్లు చొచ్చుకు వెళ్లేటప్పుడు వాటి చుట్టూ ఏ పొరా ఉండదు. ష్వాన్ కణాలుగా (ఆక్సాన్లను చుట్టుకుని కాపాడే కణాలుగా) మారబోయే కణాలు మాత్రం వాటి వెంటే వెళ్తాయి. ఇవి న్యూరల్ క్రెస్ట్ నుంచి వచ్చినవి. ఆ దశలో నరం లోపల రక్తనాళాలు ఉండవు, కొల్లాజెన్ కూడా ఉండదు. ఆ తర్వాతే బయటి మెసెన్‌కైమ్ (పిండంలోని వదులైన, ఎక్కువగా మీసోడెర్మ్ నుంచి వచ్చే కణజాలం) కణాలు నరం చుట్టూ చేరి బల్లపరుపుగా సాగడం మొదలుపెడతాయి, రక్తనాళాలు లోపలికి వస్తాయి. మూడో నెల పిండం చేతి స్లైడ్ దొరికితే నరం అంచును తప్పకుండా చూడు. కట్ట చుట్టూ సన్నటి, పొడవాటి న్యూక్లియస్‌లు వరసగా పడుకుని కనిపిస్తాయి. పెరిన్యూరియానికి అదే మొదలు. పెద్ద కట్టల చుట్టూ ఈ వరసలు పెరిగి పెరిగి పది, పదిహేను దాకా అవుతాయి. అరటి బోదెను అడ్డంగా కోస్తే కనిపించే పొరల్లా ఉంటాయి. నరం చీలుతూ పోయేకొద్దీ పొరలు తగ్గి, చివరికి ఒక్కటే మిగులుతుంది.

ఆ కణాలకు అక్కడ చేరమని చెప్పేది ఎవరన్నది నాకు చాలా ఇష్టమైన సంగతి. చెప్పేది ష్వాన్ కణాలే. అవి డెసర్ట్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్‌ను వదులుతాయి. చుట్టూ ఉన్న మెసెన్‌కైమ్ కణాలకు దాన్ని అందుకునే ప్యాచ్డ్ రిసెప్టర్ ఉంటుంది. ఈ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు లేని ఎలుకల మీద లండన్ పరిశోధకులు చేసిన పని 1999లో వచ్చింది. వాటిలో పెరిన్యూరియం పలచబడి, అతుకులు సరిగా పడక, బయటి పదార్థాలు నరంలోకి దూరిపోయాయి. ఒక్క పెద్ద కట్ట ఉండాల్సిన చోట చిన్న చిన్న కట్టలు బోలెడు ఏర్పడ్డాయి. మరుసటి ఏడాదే జపాన్‌లో ఒక రోగిలో ఇదే జన్యువులో లోపం బయటపడింది. ఎక్స్‌వై క్రోమోజోములు ఉన్నా బీజకోశాలు సరిగా ఎదగలేదు, నరాల జబ్బు కూడా ఉంది. బయాప్సీలో అవే చిన్న కట్టలు. ఎలుకలో చూసింది మనిషిలోనూ అంత స్పష్టంగా కనిపించడం అరుదు. అందుకే ఏ బ్యాచ్‌కి పాఠం చెప్పినా దీన్ని వదిలేదాన్ని కాదు.

ఇక నీ సందేహం. ఎలుకల్లో కణాలకు గుర్తు పెట్టి వెంబడిస్తే ఎండోన్యూరియంలోని ఫైబ్రోబ్లాస్టులు (కొల్లాజెన్ పోగులు తయారుచేసే కణాలు) న్యూరల్ క్రెస్ట్ నుంచి వచ్చాయని 2004లో తేలింది. పెరిన్యూరియం కణాలు అక్కడివి కావు. జీబ్రాఫిష్ అనే చిన్న చేప మోటార్ నరాల్లోనైతే (కండరాలను కదిలించేవి) పెరిన్యూరియం కణాలు వెన్నుపాము లోపలి నుంచే నడిచి వస్తాయని 2008లో చూపించారు, ఆ తర్వాత ఎలుకల్లోనూ అలాంటివి కనిపించాయి. పరీక్షలో ఎపిన్యూరియం, పెరిన్యూరియం మెసెన్‌కైమ్ నుంచి, ఎండోన్యూరియం ఫైబ్రోబ్లాస్టులు న్యూరల్ క్రెస్ట్ నుంచి అని రాయి. చేపల సంగతి కింద ఒక వాక్యంలో చేర్చు.

మత్తు డాక్టర్, వరంగల్:
మేడమ్ చెప్పినదానికి ఆపరేషన్ థియేటర్ నుంచి ఒక మాట. అల్ట్రాసౌండ్ పెట్టి చేతికి బ్లాక్ (నరం దగ్గర మత్తు ఇంజెక్షన్) ఇచ్చేటప్పుడు మేం భయపడేది పెరిన్యూరియం గురించే. సూది ఎపిన్యూరియం దాటితే మందు వదులుగా పరుచుకుంటుంది. పెరిన్యూరియం దాటి కట్టలోకి పోతే మాత్రం మందు బయటికి రాలేక లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినొచ్చు. పసిపిల్లల్లో ఇంకో తేడా ఉంది. ఎండోన్యూరియం ఇంకా వదులుగా, మైలిన్ (ఆక్సాన్ చుట్టూ ష్వాన్ కణాలు చుట్టే కొవ్వు తొడుగు) పలచగా ఉంటుంది కాబట్టి మందు తేలిగ్గా ఇంకుతుంది. అందుకే వాళ్లకు తక్కువ గాఢత సరిపోతుంది. పొరలు ఎప్పుడు ముదురుతాయన్నది మాకు డోసు లెక్క కూడా.

ఒక అమ్మ:
నేను డాక్టర్ని కాదండీ. మా బాబుకి నెల లోపే చేతి నరం టెస్ట్ చేశారు. వేగం సెకనుకు 27 మీటర్లు అని వచ్చింది. నెట్‌లో 50 పైన ఉండాలని చదివి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పొరలు ఏర్పడలేదనా?

హిస్టాలజీ మేడమ్ (రిటైర్డ్):
కాదమ్మా. మీరు చదివిన 50 పెద్దవాళ్ల లెక్క. పుట్టిన పిల్లల్లో నరం వేగం పెద్దవాళ్లలో సగమే ఉంటుంది. మైలిన్ చుట్టుకోవడం కడుపులో నాలుగైదు నెలలప్పుడు మొదలై పుట్టాక కూడా సాగుతూనే ఉంటుంది. ఆక్సాన్లు కూడా ఇంకా లావెక్కాలి. మూడు నుంచి ఐదేళ్లకు పెద్దవాళ్ల వేగం వస్తుంది. ఆ ఒక్క అంకె చూసి భయపడకండి. టెస్ట్ ఎందుకు చేయించారో, మిగతా రిపోర్టు ఏమంటుందో మీ పిల్లల డాక్టర్‌నే కూర్చుని అడగండి.

కాకినాడ ఫస్ట్ ఇయర్:
మేడమ్, చాలా థాంక్స్. పెద్దయ్యాక నరం తెగితే ఈ పొరలు మళ్లీ ఇలాగే వస్తాయా?

హిస్టాలజీ మేడమ్ (రిటైర్డ్):
వస్తాయి కానీ అంత తీరుగా రావు. తెగిన చోట కొత్త ఆక్సాన్లు చిన్న గుంపులుగా పోతాయి, ఒక్కో గుంపు చుట్టూ విడిగా పెరిన్యూరియం కడుతుంది. అవే చిన్న కట్టలు, డెసర్ట్ హెడ్జ్‌హాగ్ లేని ఎలుకలో చూసినట్టే. సర్జన్లు మైక్రోస్కోప్ కింద, వెంట్రుక కంటే సన్నటి నైలాన్ దారంతో మామూలుగా ఎపిన్యూరియాన్నే కుడతారు, లోపలి కట్టలు ఎదురెదురుగా కూర్చునేలా. అక్కడి నుంచి ఆక్సాన్ రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు సాగుతుంది. మణికట్టు దగ్గర తెగితే వేలి కొసకు స్పర్శ తిరిగి రావడానికి నెలలు పట్టేది అందుకే.