అప్‌డేట్: 75 శాతం లేకపోయినా ఆనర్స్ నాలుగో ఏడాదిలో సీటు ఇచ్చారు

75 శాతం రాకపోతే నాలుగో ఏడాది ఆనర్స్‌కి తీసుకోరని క్లాసులో అందరూ అంటున్నారు, బీఎస్సీ కెమిస్ట్రీ మూడేళ్లతోనే ఆపేయాలా అని ఇక్కడ అడిగింది నేనే. నాకు ఆరు సెమిస్టర్లు కలిపి 71 శాతం. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

"ఆఫీసు చుట్టూ తిరిగే ముందు మీ డిపార్ట్‌మెంట్ పీర్ మెంటర్‌ని కలువు" అన్న సలహాయే పనికొచ్చింది. మెంటర్‌గా ఉన్న సీనియర్ అక్క నన్ను ల్యాబ్ బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నా మార్కుల మెమోలన్నీ వరసగా పరిచి, ఫోన్‌లో యూజీసీ 2022 డిసెంబర్‌లో డిగ్రీ కోర్సులకి ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ తెరిచింది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాల్సింది 'ఆనర్స్ విత్ రీసెర్చ్'కే. మామూలు ఆనర్స్‌కి ఆ షరతు లేదు. రీసెర్చ్ ప్రాజెక్టుకి ఉండే 12 క్రెడిట్ల బదులు మూడు కోర్సులు చదవాలి, అంతే. ఎటు వెళ్లినా మొత్తం 160 క్రెడిట్లే.

మా యూనివర్సిటీలోనూ ఇదే రూల్ అని హెచ్ఓడీ మేడమ్ చెప్పి, ఫారం మీద సంతకం పెట్టారు. మీ యూనివర్సిటీ ఉత్తర్వులు కూడా ఒకసారి చూసుకోండి, నాలుగో ఏడాది అన్ని కాలేజీల్లోనూ ఉండదు.

కాలేజీ మారడం, మార్కులు పెంచుకోవడానికి ఇంప్రూవ్‌మెంట్ పరీక్షలు రాయడం అవసరం పడలేదు.

బాధ ఏంటంటే, ఇదే టెన్షన్‌తో మా బ్యాచ్‌లో కొందరు ఇప్పటికే టీసీ తీసుకుని వెళ్లిపోయారు. ఈసారి మెంటర్‌గా నా పేరు ఇచ్చాను. ఐదో సెమిస్టర్ వాళ్లకి ఇప్పటినుంచే చెప్తున్నాం.