అప్‌డేట్: లైసెన్స్ వచ్చింది, బండి కూడా వచ్చేసింది (బెంగళూరు)

బైక్ టెస్ట్ ఎలా ఉంటుంది, మొదటి బండిగా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకోవచ్చా అని అప్పట్లో ఇక్కడ అడిగాను కదా.

ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) వచ్చాక 30 రోజులు ఆగి టెస్టుకు వెళ్లాను. ఎనిమిది అంకెలా తిప్పుతుంటే రెండో మలుపులో బండి ఆగిపోయి కాలు కింద పెట్టేశాను. ఫెయిల్. వారం తర్వాత మళ్లీ వెళ్లాను. మా బావ చెప్పినట్టు సగం క్లచ్ పట్టి, వెనక బ్రేక్ మీద కాలు ఆనించి, చూపు చక్రం మీద కాకుండా వచ్చే మలుపు మీద పెట్టాను. పాసయ్యాను!

క్లాసిక్ బరువు 195 కిలోలు. నేనుండే పీజీ హాస్టల్ ర్యాంపు మీద ఫ్రెండ్ బండిని వెనక్కి తోయబోతే చేతులు వణికాయి. స్ప్లెండర్ ప్లస్ 112 కిలోలే. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో రోజూ వెళ్లాలి కాబట్టి అదే తీసుకున్నాను. బరువు సంగతి ముందే చెప్పిన అన్నలకు, అక్కలకు చాలా థాంక్స్.

వీడియో కాల్‌లో బండి చూపిస్తే, ముందు హెల్మెట్ చూపించమంది అమ్మ.