ఎం.ఎఫ్.ఏ. దరఖాస్తులు: 14 పేర్లను ఆరుకు తగ్గించుకోవడం ఎలా?

నమస్కారం అమ్మా. అమెరికాలో ఎం.ఎఫ్.ఏ. (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) చదవడానికి దరఖాస్తు చేద్దామని మీరు పంపిన 14 విద్యాసంస్థల జాబితాను రెండుసార్లు చదివాను. అన్నీ మంచి పేర్లే, కానీ అన్నింటికీ శ్రద్ధగా దరఖాస్తు చేయడం ఎవరివల్లా కాదు. దరఖాస్తు రుసుముల సంగతి అటుంచినా, ప్రతి చోటికీ స్టేట్‌మెంట్ (మీ పని గురించీ, అక్కడే ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) విడిగా రాయాలి. మొదటి ఏడాది నేను ఒకే స్టేట్‌మెంట్‌లో పేర్లు మార్చి 11 చోట్లకు పంపితే ఒక్క ఇంటర్వ్యూకూ పిలుపు రాలేదు. మరుసటి ఏడాది ఐదింటిని ఎంచుకుని, ఒక్కొక్క విభాగం గురించి తెలుసుకుని రాశాను, రెండు చోట్ల సీటు వచ్చింది. అందుకే ఆరు దాటవద్దని చెబుతున్నాను.

ముందుగా చూడవలసింది ర్యాంకు కాదు, డబ్బు. అమెరికాలో స్టూడియో ఆర్ట్‌కు ఎం.ఎఫ్.ఏ.యే అంతిమ డిగ్రీ, కాలేజీలో బోధించాలంటే సాధారణంగా అడిగేదీ అదే. అయినా ఆ డిగ్రీతో వెంటనే స్థిరమైన ఉద్యోగం దొరుకుతుందన్న భరోసా లేదు కనుక, పెద్ద అప్పుతో బయటికి వస్తే పని చేసుకోవలసిన కాలమంతా వాయిదాలు కట్టడానికే పోతుంది. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌తో (బోధనలో సహాయకులుగా పనిచేసే అవకాశంతో) పాటు ఫీజు మినహాయింపు, స్టైపెండ్ ఉంటాయి. అయితే "ఫండింగ్ ఉంది" అన్న మాటతో సరిపెట్టుకోకండి. ఫీజు మొత్తం మాఫీ అవుతుందా లేక బయటి రాష్ట్రాల వారు అదనంగా కట్టే భాగమేనా, ఆరోగ్య బీమా అందులో కలిసి ఉందా, రెండో ఏడాదికి హామీ ఉందా, విదేశీ విద్యార్థులకు అదే వర్తిస్తుందా అన్న నాలుగు ప్రశ్నలను గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు రాసి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు, అసిస్టెంట్‌షిప్ గంటలు కూడా అందులోకే వస్తాయి. కాబట్టి మిగతా ఖర్చును పార్ట్‌టైమ్ ఉద్యోగంతో పూడ్చుకోవచ్చన్న ఆలోచన పెట్టుకోకండి.

వీసా దృష్ట్యా మీ జాబితాలోని రెండు లో-రెసిడెన్సీ కోర్సులను (ఏడాదిలో కొద్దికాలమే క్యాంపస్‌కు వెళ్లి, మిగతాది దూరం నుంచి చదివేవి) వెంటనే తీసేయవచ్చు. ఎఫ్-1కు క్యాంపస్‌లో పూర్తికాల హాజరు కావాలి కనుక అవి సాధారణంగా మీకు కుదరవు. చదువు తరువాత అక్కడ పని చేయడానికిచ్చే అనుమతి (ఓపీటీ) 12 నెలలే. మరో 24 నెలల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) పొడిగింపు పెయింటింగ్, ప్రింట్‌మేకింగ్ (అచ్చు చిత్రాలు) వంటి వాటికి వర్తించదు.

ఇక అసలు విషయం, మీ పనికి ఏ చోటు సరిపోతుందన్నది. మీరు పంపిన చిత్రాల్లో బలమంతా ఎచింగ్‌లో (లోహపు రేకుపై యాసిడ్‌తో గీతలు చెక్కి అచ్చు తీయడంలో) ఉంది, ముఖ్యంగా గుడ్డపై అచ్చు వేసిన ఆ వరుసలో. అలాంటప్పుడు క్రాన్‌బ్రూక్ ఆర్ట్ అకాడమీనీ, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ స్కూల్‌నూ ఒకే కారణంతో ఎంచుకున్నానని మీరంటే నాకు నమ్మకం కలగడం లేదు. క్రాన్‌బ్రూక్‌లో మామూలు తరగతుల పద్ధతి ఉండదు, ఒక్కొక్క విభాగాన్ని ఒక ఆర్టిస్ట్-ఇన్-రెసిడెన్స్ (అక్కడే ఉండి పని చేసే కళాకారుడు లేదా కళాకారిణి) నడిపిస్తారు, కనుక ఆ ఒక్కరితో మీకు పొత్తు కుదరకపోతే రెండేళ్లూ భారమే. షికాగోలో దీనికి భిన్నంగా విభాగాల హద్దులు దాటి పని చేయడాన్ని ప్రోత్సహిస్తారు. మీ జాబితాలో లేని అయోవా విశ్వవిద్యాలయాన్ని చేర్చుకోమంటాను. అక్కడి ప్రింట్‌మేకింగ్ విభాగాన్ని 1945లో ప్రింట్‌మేకర్ మౌరిసియో లసాన్‌స్కీ మొదలుపెట్టారు, ఆ సంప్రదాయం మీ పనికి దగ్గరిది. యేల్‌ను తీసేయమనను, కానీ పేరు చూసి పెట్టుకునే సంస్థ ఒక్కటి చాలు.

ప్రతి చోటా అధ్యాపకులు గత మూడేళ్లలో చేసిన పనిని చూడండి. మీరు వెళ్లే ఏడాది ఎవరైనా సెలవులో ఉంటారేమో కనుక్కోండి. ప్రెస్సు గది రాత్రివేళ తెరిచి ఉంటుందా, యాసిడ్ గదికి టెక్నీషియన్ ఉన్నారా అని రెండో ఏడాది విద్యార్థులను అడగండి. వారు చెప్పేది ఏ బ్రోషర్‌లోనూ దొరకదు.

మరొక్క జాగ్రత్త. మీ జాబితాలోని మూడు చిన్న ప్రైవేటు ఆర్ట్ కాలేజీల ఆర్థిక స్థితినీ, అక్రెడిటేషన్‌నూ (విద్యాసంస్థగా అధికారిక గుర్తింపునూ) తప్పక పరిశీలించండి. 1871లో స్థాపించిన శాన్ ఫ్రాన్సిస్కో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2022లో మూతపడింది. ఫిలడెల్ఫియాలోని యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ ప్రకటన వెలువడిన వారానికే, 2024 జూన్ 7న తలుపులు మూసేసింది. వీసాపై ఉన్న విద్యార్థికి చదువు మధ్యలో అలాంటి దెబ్బ తగిలితే తట్టుకోవడం మరింత కష్టం.

గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో ఉంటాయి. సీట్లు వచ్చాక తొందరపడకండి. గ్రాడ్యుయేట్ స్కూళ్ల కౌన్సిల్ తీర్మానానికి కట్టుబడిన విశ్వవిద్యాలయాలు ఆర్థిక సహాయంతో ఇచ్చే సీటుకు ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పమని పట్టుబట్టకూడదు. కోఆర్డినేటర్ల జవాబులు అందాక కొత్త జాబితా ఇక్కడే పెట్టండి. దానితో పాటు ఆ గుడ్డ అచ్చుల గురించి మీరు రాసుకున్న ఒక పేజీ కూడా పంపితే చదివి చెబుతాను.