లాగిన్ తర్వాత స్పందించని డెస్క్‌టాప్: కారణం గ్రాఫిక్స్ డ్రైవరేనా?

అమలాపురం దగ్గర మా ఊరి గ్రంథాలయంలో పిల్లలు తెలుగు టైపింగ్ నేర్చుకోవడానికి ఉంచిన పాత కంప్యూటర్‌లో డెబియన్ 12 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను గ్నోమ్ డెస్క్‌టాప్‌తో కొత్తగా ఇన్‌స్టాల్ చేశాను. లాగిన్ తెర సక్రమంగానే వస్తోంది. కానీ లోపలికి వెళ్లిన కాసేపటికే, మౌస్ బాణం కదులుతున్నా, క్లిక్కులకు గాని కీబోర్డుకు గాని డెస్క్‌టాప్ స్పందించడం లేదు.

ఆ స్థితిలోనూ వేరే కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా మరో కంప్యూటర్‌లోకి ప్రవేశించే పద్ధతి) ద్వారా ప్రవేశించగలుగుతున్నాను కనుక సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ పనిచేస్తూనే ఉందని, సిస్టమ్ లాగ్ అయిన జర్నల్‌లో నూవో (ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులకు ఓపెన్ సోర్స్ డ్రైవర్) దోష సందేశాలు వరుసగా కనిపిస్తున్నాయి కనుక చిక్కు గ్రాఫిక్స్ దగ్గరే ఉందని భావిస్తున్నాను. మెమ్‌టెస్ట్‌లో ర్యామ్ లోపమేదీ బయటపడలేదు. బూట్ మెనూ అయిన గ్రబ్‌లో ‘ఇ’ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర ‘నోమోడ్‌సెట్’ (గ్రాఫిక్స్ డ్రైవర్ తెర మోడ్‌ను మార్చకుండా ఆపే ఎంపిక) చేర్చి బూట్ చేస్తే స్తంభించడం లేదు గాని, తెర రిజల్యూషన్ బాగా తగ్గిపోయి, చిత్రణ భారమంతా ప్రాసెసర్ మీదే పడుతోంది. దాన్ని శాశ్వత పరిష్కారంగా నేను అంగీకరించలేను.

లాగిన్ తెరలోని చక్రం గుర్తు నుంచి వేలాండ్‌కు బదులు ఎక్స్‌ఆర్గ్ (రెండూ తెరపై చిత్రాన్ని చూపే వ్యవస్థలే) ఎంచుకుంటే చాలా, లేక కార్డు తయారీదారు డ్రైవర్‌నే వేయాలా? సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం లేని కోడ్‌ను అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉన్నందున ఆ డ్రైవర్ మాడ్యూల్‌కు డిజిటల్ సంతకం చేసే పద్ధతి కూడా తెలిసినవారు దయచేసి వివరించగలరు. తర్వాత నిర్వహించేవారికి అప్‌డేట్లు సులభంగా ఉండాలని నూవోతోనే కొనసాగడం నాకు ఇష్టం.