అప్‌డేట్: మొదటి స్కైడైవింగ్ అయిపోయింది

జెయింట్ వీల్ ఎక్కితేనే కడుపులో తిప్పేస్తుంది, దుబాయ్‌లో టాండెమ్ జంప్ (ఇన్‌స్ట్రక్టర్‌కు కట్టుకుని ఇద్దరూ కలిసి విమానం నుంచి దూకడం) తట్టుకోగలనా అని అడిగాను కదా. తాటిచెట్టు ఆకారంలో కట్టిన దీవి పామ్ జుమైరా మీద దూకేశాను! ధైర్యం చెప్పిన వాళ్లందరికీ పేరుపేరునా థ్యాంక్స్.

కడుపులో దేవినట్టు అస్సలు అనిపించలేదు. విమానం అప్పటికే వేగంగా వెళ్తుంటుంది కాబట్టి, ఆగి ఉన్న చోటు నుంచి పడిపోయినట్టు ఉండదట. నిజంగానే పడుతున్నట్టు లేదు, గాలి కింద నుంచి నెట్టి పట్టుకున్నట్టుంది. అసలు టెన్షన్ అంతా తలుపు దగ్గరే. కాళ్లు బయటికి వేలాడుతుంటే ఇన్‌స్ట్రక్టర్ నా నుదుటిని వెనక్కి నెట్టి, తలను తన భుజానికి ఆనించారు. నడుము ముందుకు, కాళ్లు వెనక్కి మడిచి విల్లులా ఉండమన్నారు. అంతే, బయట ఉన్నాం.

13,000 అడుగుల నుంచి దాదాపు నిమిషం ఫ్రీ ఫాల్, అంటే పెద్ద పారాచూట్ తెరుచుకునే దాకా కిందికి పడటం. గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగం. ఇద్దరి బరువుకు వేగం ఇంకా పెరగకుండా ముందే డ్రోగ్ అనే చిన్న పారాచూట్ వదులుతారని అప్పుడే తెలిసింది. రిజర్వ్ పారాచూట్ కూడా ఉంటుంది, అమ్మకు ఈ మాట చెప్పాకే ఊరుకుంది.

కళ్లజోడు గురించి అడిగినవాళ్లకు: దాని మీదే గాగుల్స్ పెట్టారు, ఊడలేదు. పెద్ద పారాచూట్ తెరుచుకున్నాక చెవులు మూసుకుపోతే గుటకలు వేయండి. దిగేటప్పుడు కాళ్లు బాగా పైకెత్తాలి, నాకు తొడలు పట్టేశాయి. ముందు రోజు నుంచే కాస్త ప్రాక్టీస్ చేయండి.