సమస్యాపూరణం: తిరుగు రెక్క తాను తిరుగదాయె

నిర్వాహకుడు (హనుమకొండ):
ఈ వారం సమస్య మా ఇంట్లోనే పుట్టింది. డిసెంబరు చలిలో పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేస్తే మూడు రోజులుగా ఒకటే మాట: సీపీయూ ఫ్యాన్ ఎర్రర్, ఎఫ్1 నొక్కండి. పక్క రేకు విప్పి చూశాను. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. నెమ్మదిగానే, కానీ ఆగకుండా. కళ్ళ ముందు తిరిగేదాన్ని పట్టుకుని తిరగట్లేదంటుందేమిటని అక్కడే కూర్చుండిపోయాను. అప్పుడు నోటికొచ్చిన పాదం ఇది:

తిరుగు రెక్క తాను తిరుగదాయె

ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరం, నాలుగో గణం మొదటి అక్షరం కలవాలి కదా, 'తిరుగు', 'తిరుగ' మధ్య ఆ యతి కుదిరింది. మిగతా మూడు పాదాలు మీవి. ఒక్క షరతు: తిరిగే రెక్క ఎందుకు తిరగలేదో పద్యం చెప్పాలి. ఆ కారణం రిపేరు చేసేవాళ్ళ ముందు చదివినా నిలబడాలి.

ఎనుమాముల గుమస్తా:
అన్నా, మార్కెట్‌లో పత్తి సీజన్ నడుస్తోంది. నా పూరణ:

పత్తి పింజ చేరి పట్టి కూర్చుండగ
రేకు సందులన్ని రెప్ప మూయ
వేడి లోన నిలిచె వెలుపలి దారేది
తిరుగు రెక్క తాను తిరుగదాయె

నిర్వాహకుడు:
రెండో పాదం దగ్గర ఆగిపోయాను తమ్ముడూ. పోయినేడు మా అన్నయ్య కొట్లో కంప్యూటర్ విప్పితే ఫ్యాన్‌కీ దాని కింద వేడిని లాగే రేకుల హీట్‌సింక్‌కీ మధ్య పింజ కంబళి ముక్కలా అట్టకట్టింది. గోటితో అంచు పట్టి లాగితే మొత్తం ఒకే పొరగా ఊడొచ్చింది. 'రెప్ప మూయ' అన్నది చూసినవాళ్ళకే వచ్చే మాట.

కానీ మూడో పాదం నుంచి నాలుగోదానికి వంతెన లేదు. రేకుల సందులు మూసుకుపోతే వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే మదర్‌బోర్డు ఫ్యాన్‌ను ఇంకా జోరుగా తిప్పుతుంది, మోత ఎక్కువవుతుంది. అంటే రెక్క ఆగడానికి మీరు చెప్పింది కారణం కాదు, వేడెక్కడానికి కారణం. పింజ ఇరుసులోకి దూరిందని చెప్పగలిగితే పద్యం నిలుస్తుంది.

ఎనుమాముల గుమస్తా:
నిజమే అన్నా, మా ఆఫీసుది నెమ్మదించదు, గుయ్యిమని మోత పెడుతుంది. మళ్ళీ రాస్తాను. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలని ఇక్కడే ఎవరో చెప్పారు, లేకపోతే గాలికి మరీ జోరుగా తిరిగి ఇరుసు పాడవుతుందని. అది మాత్రం పాటిస్తున్నాను.

కాజీపేట రైల్వే పెద్దాయన:
ఇరుసుల సంగతి మాకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది! రిటైరయ్యాక రాసిన మొదటి పద్యం ఇది.

ఇరుసులోని నూనె యెండి పోయిన వేళ
ముసలి యెద్దు వోలె మూల్గె ఫ్యాను
వేలితోడ త్రిప్ప వెనువెంట నాగెను
తిరుగు రెక్క తాను తిరుగదాయె

నిర్వాహకుడు:
పెద్దాయనా, మూడో పాదంలో మీరు పరీక్షనే చెప్పేశారు. కరెంటు తీసేసి వేలితో ఒక్క తోపు తోస్తే మంచి ఫ్యాన్ కాసేపు తిరిగి మెల్లగా ఆగుతుంది. ఇరుసు బిగుసుకున్నది అక్కడికక్కడే నిలబడిపోతుంది. మూల్గు, వేలు, ఆగడం... మూడూ ఒకదాని వెంట ఒకటి వచ్చి చివరి పాదాన్ని మోశాయి. యతి దగ్గర ఎవరైనా అడుగుతారేమో: 'ఇరుసు'లో ఇకారానికి 'యెండి'లో ఎకారం చెల్లుతుంది.

జనగామ విద్యార్థి:
తాతా, కుట్టుమిషన్ నూనె చుక్క వేస్తే సరిపోదా?

కాజీపేట రైల్వే పెద్దాయన:
కొన్నిటికి స్టిక్కర్ కింద ఇరుసు కనిపిస్తుంది నాన్నా, వాటికి వేస్తే కొన్నాళ్ళు నడుస్తుంది. ఒకసారి అరిగాక నూనె ఎన్నాళ్ళు కాపాడుతుంది? ఫ్యాన్ మార్చేయడమే మేలు.

పరకాల టీచరమ్మ:
నిర్వాహకుడి గారి ఫ్యాన్‌కు జబ్బేమీ లేదనుకుంటున్నాను.

ఆరు వందలడుగ నైదు వందలె తిర్గె
చల్లదనపు వేళ చాలు నదియె
లెక్క చూచి బోర్డు లేదని పలికెను
తిరుగు రెక్క తాను తిరుగదాయె

నిర్వాహకుడు:
అమ్మా, సరిగ్గా ఇదే జరిగింది. నాలుగు తీగల ఫ్యాన్‌లో ఒక తీగ పని లెక్క చెప్పడమే, ప్రతి చుట్టుకూ రెండు సార్లు సంకేతం పంపుతుంది. ఇంకో తీగ వేగాన్ని అదుపు చేస్తుంది. చలి పొద్దున ప్రాసెసర్ చల్లగా ఉంటే బోర్డే ఫ్యాన్‌ను నెమ్మదిగా తిప్పుతుంది. అదే బోర్డు, నిమిషానికి 600 చుట్ల కన్నా తక్కువ కనిపిస్తే ఫ్యాన్ లేనట్టే లెక్కగడుతుంది. నా స్క్రీన్ మీద 500 చిల్లర చూపించింది. కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్ళి కనీస వేగం హద్దును 300కి దించాను, ఎర్రర్ పోయింది. వేలి పరీక్ష చేసి, ఫ్యాన్ ప్లగ్గు సీపీయూ ఫ్యాన్ పిన్నులకే ఉందని చూసుకున్నాకే దించాను. నిజంగా ఆగిపోతున్న ఫ్యాన్ ఉంటే ఆ హద్దే మనకు కాపలా.

మూడో పాదంలో మాత్రం 'లేదని' అంటే ఏది లేదో తేలలేదు. ఇట్లా అంటే ఎట్లా ఉంటుంది:

లెక్క తప్పెననుచు లేవనీయదు బోర్డు

పరకాల టీచరమ్మ:
'లేవనీయదు' చాలా బాగుందండీ. ఎఫ్1 నొక్కేదాకా కంప్యూటర్ లేవదు కదా! అట్లాగే మార్చుకుంటాను.

జనగామ విద్యార్థి:
నాకు పద్యం రాయడం ఇదే మొదలు. భయంగానే ఉంది.

తీగ వచ్చి తగిలె తీరైన రెక్కకు
కదల నీయకుండ పట్టి నిలిపె
గుండె ఝల్లుమనగ గూర్చుంటి నే చూచి
తిరుగు రెక్క తాను తిరుగదాయె

నిర్వాహకుడు:
భయమెందుకు తమ్ముడూ, గణాలన్నీ పడ్డాయి. రెండో పాదం విడదీసి చూడు: కదల, నీయ, కుండ, పట్టి, నిలిపె. ఐదు సూర్యగణాలు. నాలుగో గణం 'ప'తో మొదలైంది, పాదం మొదలు 'క'. ఆ రెంటికీ యతి చెల్లదు. 'పట్టి' తీసి 'గట్టి' పెట్టు. క, గ ఒకే వర్గం కాబట్టి యతి కుదురుతుంది. 'కట్టి నిలిపె' అన్న అర్థమూ వస్తుంది, తీగ చేసే పని కూడా కట్టెయ్యడమే. చదివేటప్పుడు 'నీయకుండ' దగ్గర కొంచెం ఆగి 'గట్టి' అను. ఇంతకీ ఆ తీగ ఏం చేశావు?

జనగామ విద్యార్థి:
పక్కకు లాగి ట్యాగ్‌తో బిగించాను సార్. ఇప్పుడు 1100 చూపిస్తోంది. సరిచేసిన పాదం: కదల నీయకుండ గట్టి నిలిపె.