పాత పీహెచ్‌పీబీబీ ఫోరమ్‌ని లెమ్మీకి మార్చొచ్చా? పాత పోస్టులు పోకూడదు

వానపిట్ట:
2005లో పీహెచ్‌పీబీబీ అనే ఫోరమ్ సాఫ్ట్‌వేర్ రెండో వెర్షన్‌తో మొదలై తర్వాత 3.0కి మారిన తెలుగు ఫోరమ్ ఇది. డేటాబేస్ మొత్తాన్నీ ఫైలుగా తీసిన మైసీక్వెల్ డంప్ 1.8 జీబీ ఉంది. కొత్త చర్చలన్నీ వాట్సాప్‌కి వెళ్లిపోయాయి. అక్కడ 1024 మంది దాటితే రెండో గ్రూపు పెట్టాలి, నిన్నటి జవాబు ఇవాళ దొరకదు, గూగుల్‌కైతే అసలే కనబడదు. అలాగని మళ్లీ ఏదో కంపెనీ చేతిలో పెట్టలేం. 2020 డిసెంబరులో యాహూ గ్రూప్స్ మూతపడ్డప్పుడు రచ్చబండ లాంటి తెలుగు గుంపుల చిరునామాలన్నీ ఒక్కసారిగా చెల్లకుండా పోయాయి కదా. లెమ్మీ అనే చర్చావేదిక సాఫ్ట్‌వేర్ వికేంద్రీకృతం, అంటే ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకునేది అంటున్నారు. పాత పోస్టులతో సహా అందులోకి మారడం కుదురుతుందా? ఖర్చు నెలకి వెయ్యి, పదిహేను వందల్లో తేలాలి.

తాటాకు:
కొత్త చర్చలకి లెమ్మీ బాగానే ఉంటుంది. పాతవాటిని దాచుకోవడానికి మాత్రం అది చోటు కాదండీ. ఫెడరేషన్, అంటే సర్వర్లు ఒకదానితో ఒకటి పోస్టులు పంచుకోవడం, బ్యాకప్‌తో సమానమని చాలామంది అనుకుంటారు. వేరే సర్వర్‌లో ఎవరైనా మీ కమ్యూనిటీకి (లెమ్మీలో చర్చా విభాగం పేరు అది) సబ్‌స్క్రైబ్ చేసిన క్షణం నుంచి వచ్చే పోస్టులే అటు చేరతాయి. అంతకుముందువాటిలో ఇటీవలివి కొన్ని వెళితే వెళ్లొచ్చు, అంతే. ఇరవై ఏళ్ల సరుకు కాపీ అవదు.

రెండోది, కమ్యూనిటీ పుట్టిన సర్వర్‌కే కట్టుబడి ఉంటుంది. ఆ సర్వర్ పోతే మిగతా చోట్ల ఉన్న కాపీలు చదువుకోవచ్చు గానీ, అక్కడ రాసింది ఇంకో సర్వర్‌కి చేరదు, ఎందుకంటే పంచిపెట్టేది పుట్టిల్లే. 2023 జూలైలో మాలీ దేశం డాట్ ఎంఎల్ డొమైన్లని తిరిగి తన చేతిలోకి తీసుకున్నప్పుడు ఎఫ్ఎంహెచ్‌వై డాట్ ఎంఎల్ అనే లెమ్మీ సర్వర్‌కి ఇదే జరిగింది. డేటా ఉంది, పేరు పోయింది. ఈ సర్వర్లు మాట్లాడుకునే యాక్టివిటీపబ్ పద్ధతిలో డొమైన్ పేరే గుర్తింపు. అందుకని సాఫ్ట్‌వేర్ కంటే ముందు డొమైన్ ఎవరి పేరున ఉందో, ఎప్పటిదాకా కట్టారో చూసుకోండి. పదేళ్లకి ఒకేసారి కట్టేయడం మేలు.

మరచెంబు:
పై మాటకి నా ఓటు. మీకు సరిపడేది డిస్కోర్స్ అనే ఫోరమ్ సాఫ్ట్‌వేర్. పీహెచ్‌పీబీబీ 3 నుంచి తెచ్చుకునే స్క్రిప్టు దాంట్లోనే ఉంది, పాత లింకుల్ని కొత్తవాటికి మళ్లిస్తుంది కూడా. యాక్టివిటీపబ్ ప్లగిన్ వేస్తే మీరు ఎంచుకున్న విభాగాలు బయటి సర్వర్లకి కనబడతాయి. నోడ్‌బీబీ అనే ఇంకో ఫోరమ్ సాఫ్ట్‌వేర్ 4వ వెర్షన్‌లో ఫెడరేషన్ ప్లగిన్ అక్కర్లేకుండానే వస్తుంది, అది ఇంకా బాగుంటుంది. కానీ దాని ఇంపోర్ట్ ప్లగిన్ పాతబడిపోయింది, దాన్ని నమ్ముకోవద్దు.

డిస్కోర్స్ నడిపే సర్వర్‌కి 2 జీబీ ర్యామ్, 2 జీబీ స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) చాలు. ఇంపోర్ట్ మాత్రం ఆ సర్వర్ మీద నడపకండి, మెమరీ చాలక మధ్యలో చస్తుంది. ఇంట్లో 8 జీబీ ఉన్న లినక్స్ మెషీన్ మీద నడిపి, బ్యాకప్ తీసి, దాన్ని సర్వర్ మీద రీస్టోర్ చేయండి.

దీనికంటే ముందు పాత సైటుని డబ్ల్యూగెట్ అనే డౌన్‌లోడ్ ప్రోగ్రాంతో మిర్రర్ చేసి (పేజీలన్నీ దించి) పెట్టుకోండి, పేజీకీ పేజీకీ ఒక సెకను విరామంతో. లింకుల చివర ఎస్ఐడీ అని సెషన్ నంబరు వస్తుంది. అది ఉన్న లింకులన్నిటినీ డబ్ల్యూగెట్ వదిలేసేలా రిజెక్ట్ రీజెక్స్ ఆప్షన్‌లో పెట్టకపోతే ఒకే పేజీ వేలసార్లు దిగి డిస్కు నిండుతుంది. సభ్యుల జాబితా, పోస్టింగ్ పేజీలు కూడా వదిలేయండి.

వానపిట్ట:
ఇంపోర్ట్ చిన్నగా ప్రయత్నించాను. 2008 ముందువి ఒక్కో తెలుగు అక్షరానికి మూడేసి పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి. తర్వాతివి బాగానే ఉన్నాయి.

తాటాకు:
ఆ మూడింటిలో మొదటిది ప్రతిసారీ నెత్తిన గీత ఉన్న ఇంగ్లిషు చిన్న ‘ఎ’ అయితే డేటా క్షేమంగానే ఉంది. అక్షరాలని కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, గుర్తుకీ మూడేసి బైట్లు. వాటిని లాటిన్-1 (అక్షరానికి ఒకే బైటు ఉండే పాత పద్ధతి) అనుకుని మళ్లీ యూటీఎఫ్-8లోకి మార్చారన్నమాట, బహుశా 2 నుంచి 3కి వచ్చేటప్పుడు.

2.0 నాటి డంప్ దాచి ఉంటే పని సులువు. దాన్ని విడి డేటాబేస్‌లోకి ఎక్కించి, డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని ఇచ్చి, స్కిప్ సెట్ చార్‌సెట్ అనే ఆప్షన్ కూడా చేర్చి మళ్లీ డంప్ తీయండి. ఆ ఫైలుని ‘లెస్’ అనే లినక్స్ కమాండ్‌తో తెరిస్తే తెలుగు కనబడాలి. కనబడితే క్రియేట్ టేబుల్ వరుసల్లో మాత్రం లాటిన్1ని యూటీఎఫ్8ఎంబీ4గా (మైసీక్వెల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు అది) సెడ్ కమాండ్‌తో మార్చి ఎక్కించండి.

ఆ ఫైలుని విండోస్ ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేయొద్దు. పొల్లులో చివరి బైటు 8డీ, ఉకారంలో 81. విండోస్ 1252 అనే అక్షరాల పట్టికలో ఈ రెండింటికీ అక్షరం లేదు. ‘అమ్మ’లో ఒత్తు పోతుంది, ‘గురువు’లో కొమ్ములన్నీ రాలిపోతాయి, తిరిగి రావు.

గుండుసూది:
ఇక్కడ ఎవరూ వెబ్‌కి ముందునాటి చర్చా గుంపుల వ్యవస్థ యూజ్‌నెట్ ఊసెత్తలేదే! 1990లలో సోక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు అనే గుంపులో ఆర్‌టీఎస్‌లో (ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి) రాసేవారు. ఆ గుంపుని తీసుకునే ప్రతి సర్వర్ దగ్గరా పోస్టుల కాపీ ఉండేది, అదీ అసలు వికేంద్రీకరణ. స్పామ్‌ని ఆపే నాథుడు లేక చచ్చింది. 2024 ఫిబ్రవరిలో గూగుల్ గ్రూప్స్ కూడా దాన్ని వదిలేసింది, ఇప్పుడు అక్కడ పాతవి చదువుకోవడమే.

డిస్కోర్స్‌కి వస్తే రెండు సంగతులు. సెట్టింగుల్లో స్లగ్ (లింకులో శీర్షిక కనబడే భాగం) పద్ధతి ఆస్కీ, అంటే ఇంగ్లిషు అక్షరాలు మాత్రమే, అని ఉంటుంది, తెలుగు శీర్షికలన్నీ లింకులో ఉత్త ‘టాపిక్’ అయిపోతాయి. ఇంపోర్ట్‌కి ముందే దాన్ని ఎన్‌కోడెడ్‌కి మార్చండి. డిస్కోర్స్ వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో తెలుగు పదాల్ని మూలానికి తగ్గించే నిఘంటువు లేదు కాబట్టి ‘పుస్తకం’ అని వెతికితే ‘పుస్తకాలు’ రాదు. ‘పుస్తక’ అని వెతకమని సభ్యులకి పిన్ చేసిన పోస్టులో చెప్పండి.

మరచెంబు:
మెయిల్ మర్చిపోకండి. పాత పాస్‌వర్డ్‌లకి విడిగా ప్లగిన్ వేయకపోతే అందరూ రీసెట్ మెయిల్ మీదే లోపలికి రావాలి. చాలా క్లౌడ్ కంపెనీలు మెయిల్ పంపే 25 పోర్టు మూసేస్తాయి, 587 మీద బయటి మెయిల్ సర్వీసు పెట్టుకోండి. మెయిల్ మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ సెట్టింగులు సరిచూసుకున్నాకే పంపండి. అందరికీ ఒకేరోజు పంపితే పాత చిరునామాలు బౌన్సై మెయిల్ సర్వీసువాళ్లు మీ ఖాతా నిలిపేస్తారు. రోజుకి రెండు వందలు, ఈమధ్య లాగిన్ అయినవాళ్లతో మొదలుపెట్టండి.